చైనా కొట్టు ఈగలు

పెళ్లయిన కొత్తలో మా వంటింటి బల్ల మీద రొట్టెముక్కల కంటే ఈకలే ఎక్కువ ఉండేవి. పొద్దున్నే కాఫీ పోసుకుంటే కప్పులో పచ్చరంగు నూగు తేలేది. వాహిద్ దాన్ని చెంచాతో తీసి పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు కాఫీ తాగేసేవాడు. అతను అలా తాగుతుంటే చూడడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు, కొక్కేనికి రెండు తువ్వాళ్లు, గ్లాసులో రెండు పళ్ల బ్రష్షులు. ఆ రోజుల్లో ఏది రెండుగా కనిపించినా నాకు నవ్వొచ్చేది.

ఈకలు ఎందుకంటే, మా ఇంట్లో అందరం ఈగలు కడతాం. నీటి మీద వాలిన పురుగులా కనిపించేలా చిన్న గాలానికి దారం, బొచ్చు, ఈక చుట్టి కడితే దాన్ని మా బోస్నియాలో ఈగ అంటారు. మా ఊరి స్టుడెన్కా నదిలో వానపాములు గుచ్చి చేపలు పట్టడం నిషేధం. ఈగతోనే పట్టాలి. అందుకని ఊళ్లో మగవాళ్లు చలికాలమంతా కిటికీల దగ్గర కూచుని ఈగలు కడుతూనే ఉంటారు.

వాళ్లందరిలోకీ మంచి చెయ్యి, పక్క వాటాలో ఉంటూ పగలంతా మా వంటింట్లోనే గడిపే మా మామగారు రెషాద్‌ది. ఆయన దగ్గర పాత పొగాకు డబ్బాల నిండా సరుకు. కుందేలు చెవి బొచ్చు, కౌజుపిట్ట రొమ్ము ఈకలు, ఆస్ట్రియా నుంచి తెప్పించుకున్న కోడిపుంజు మెడ ఈకలు. ఆ మెడ ఈకలు ఎంత ఖరీదో నాకు చెప్పడానికి వాహిద్ ఒకసారి మొహమాటపడ్డాడు. వాటి మీద గాలి తగలకూడదని మామగారు కిటికీ మూసేవారు.

నేను పసిపిల్లల బడిలో టీచర్ని. మూడేళ్లు యూనివర్సిటీలో చదివి నేర్చుకున్నదేమిటంటే, చైనా కొట్టులో దొరికే వస్తువులతో ప్రపంచంలో దేన్నయినా తయారు చెయ్యొచ్చని. బస్టాండు పక్కన, చైనా నుంచి వచ్చే చవక సరుకు అమ్మే మా చైనా కొట్టులో బొమ్మలు కత్తిరించుకునే రంగురంగుల ఫోమ్ షీట్లు, సంచుల్లో రంగులద్దిన కోడి ఈకలు, క్రిస్మస్ చెట్టుకి చుట్టే తళుకు దారాలు, గాజుపూసలు, చవక ఊలు ఉంటాయి. ఒక సాయంత్రం, గాలాన్ని కదలకుండా పట్టుకునే మామగారి వైస్ ఖాళీగా కనిపిస్తే దానికి గాలం బిగించి, పసుపుపచ్చ ఫోమ్ ముక్క మడిచి, మామూలు కుట్టుదారం చుట్టి, చివర ముడి ఊడకుండా గోళ్ల రంగు ఒక చుక్క పెట్టాను. పెంకుపురుగు తయారైంది. కాస్త మెరుపుపొడి కూడా చల్లాను, చెయ్యి ఊరుకోక.

మామగారు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది చేప కోసమా తల్లీ, పుట్టినరోజు కేకు మీద పెట్టడానికా?" అన్నారు.

మర్నాడు వాహిద్ దాంతో మంచి ట్రౌట్ చేపని పట్టాడు. మామగారు చేపకి పిచ్చెక్కిందన్నారు. ఆ మాట అని కూడా, వాహిద్ ఈగల పెట్టెలో నా రంగుల పురుగుల పక్కన తన గోధుమరంగు కుందేలు ఈగలు వరసగా పేర్చి పెట్టారు. పెళ్లికానుక అన్నారు. ఆ పెట్టె తెరిస్తే ఒక సగం పండగలా, ఒక సగం దుక్కిచేనులా ఉండేది.

అన్నిట్లోకీ నాకిష్టమైంది గులాబీరంగు ఈగ. మా పెళ్లికి బడిపిల్లలు గులాబీ ఫోమ్‌తో పూలు కత్తిరించి గోడలకి అంటించారు. మిగిలిన చిన్న ముక్క దాచుకుని దాంతో కట్టాను. వాహిద్ దానికి పెళ్లికూతురని పేరు పెట్టి, పెట్టె మూలలో ఒంటరిగా గుచ్చి, చాన్నాళ్లు నీళ్లు తగలనివ్వలేదు.

నది వంపు గురించి చెప్పాలి. వంతెన దాటాక నది ఎడమకి తిరిగే చోట అవతలి గట్టు మా ఊరివాళ్లెవరిదీ కాదు. యుద్ధంలో సైన్యాలు అక్కడ ఎదురెదురుగా కూచున్నాయి. నేను పుట్టేసరికే యుద్ధం అయిపోయింది, కానీ వాళ్లు పాతిపెట్టిన మందుపాతరలు అక్కడే ఉన్నాయి. పుర్రెబొమ్మ గీసిన ఎర్ర బోర్డులు గట్టు పొడుగునా ఉన్నాయి. ఇక్కడి పిల్లలకి నడక వచ్చిన కొత్తలోనే చెప్పేస్తారు. గడ్డి నలగని చోట కాలు పెట్టకు. అటు వెళ్లిన బంతి మనది కాదు, అటు ఎగిరిన టోపీ మనది కాదు. ఈగ కూడా అంతే. విసిరిన ఈగ అవతలి గట్టు చెట్లకి చిక్కుకుంటే దారం కొరికేసి వెనక్కి తిరగాలి. రెండోసారి లాగను కూడా లాగరు, కొమ్మ విరిగి కింద పడుతుందేమోనని. అందుకే ఆ చెట్లకి ఎన్నో ఏళ్ల ఈగలు వేలాడుతుంటాయి. ఎండపడితే గాలాలు మెరుస్తాయి. వంతెన మీద నిలబడి ముసలివాళ్లు అది ఫలానావాడి ఈగ అని గుర్తుపడుతుంటారు. వాళ్ల నాన్న కట్టిన ఎంతో మంచి ఈగల్ని వాహిద్ అలా కొరికి వదిలేశాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదని మామగారు గర్వంగా చెబుతారు.

మే నెలలో ఒక ఆదివారం నది మీద నిజం ఈగలు పొగలా లేచాయి. అలాంటి రోజు ఇంట్లో కూచోవడం పాపమని వాహిద్ అన్నాడు. నేను ఫ్లాస్కులో కాఫీ, గుడ్డలో చుట్టిన పాలకూర పీటా రొట్టె పట్టుకుని వాళ్ల వెంట వంపు దగ్గరికి వెళ్లాను. మామగారు ఇవతలి గట్టు మీద రాయి చూసుకుని కూచున్నారు. వాహిద్ రబ్బరు ప్యాంటు వేసుకుని నదిలోకి దిగాడు. నడుము లోతులో నిలబడి నావైపు తిరిగి, పెట్టె మూలలోంచి గులాబీ ఈగని తీసి చూపించాడు. పెళ్లికూతురు నీళ్లాడే రోజు వచ్చిందన్నాడు. నేను చేతులు తట్టాను.

తాడు గాలిలో వంపు తిరిగి ముందుకు వెళ్లడం, గులాబీ చుక్క అవతలి గట్టు నీడలో వాలడం, దాని కింద నీళ్లు ఉబ్బడం, అన్నీ చూశాను. వాహిద్ చేతిలో గాలపు కర్ర వంగిపోయింది. చాలా పెద్ద ట్రౌట్. దాన్ని నీళ్లలోనే పట్టుకుని, ఒంటి మీద ఎర్ర చుక్కలు నాకు చూపించి వదిలేశాడు. ఆ మనిషి మొహం అంత వెలగడం పెళ్లిరోజున కూడా నేను చూడలేదు. నేను గట్టు మీద గంతులేశాను. కప్పులో కాఫీ కొంచెం ఒలికింది.

రెండోసారి విసిరినప్పుడు ఈగ అవతలి గట్టు మీది చెట్టు కొమ్మకి చిక్కుకుంది.

నేను పోనిమ్మని చెయ్యి ఊపాను. ఇంకోటి కడతానని కేక వేశాను. నది చప్పుడులో వినిపించిందో లేదో. వాహిద్ నవ్వుతూ అటే నడుస్తున్నాడు. ఒక్కసారి లాగాడు. రాలేదు. నీళ్లు మోకాళ్ల దాకా తగ్గాయి, గులకరాళ్లు వచ్చాయి. ఎడమచేత్తో పెట్టె తెరిచి పట్టుకున్నాడు, ఈగని మళ్లీ మూలలో గుచ్చడానికి. కర్ర చంకలో పెట్టుకుని గట్టెక్కాడు. గడ్డి అతని మోకాళ్లని తాకింది. గడ్డిలో పసుపుపచ్చ పూలున్నాయి. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

మామగారు అప్పటిదాకా తల వంచి గాలానికి ముడి వేసుకుంటున్నారు. తలెత్తారు.

"వాహిద్. నిలబడు."

ఆయన అరవలేదు. కానీ ఆ గొంతు నది దాటింది. వాహిద్ ఉలిక్కిపడి వెనక్కి తిరగబోయాడు. చేతిలో పెట్టె ఒరిగిపోయి, ఈగలన్నీ అతనికీ నీళ్లకీ మధ్య గడ్డిలో చెల్లాచెదురయ్యాయి. అప్పుడతను కాళ్ల కింద చూసుకున్నాడు. ఆ పక్కన కొంచెం దూరంలో ఎర్ర బోర్డు వెనకవైపు మాకు కనిపిస్తోంది. ఎవరి మొహంలోనూ రంగు పోవడం నేనింతకు ముందు చూడలేదు. నది అడ్డంగా ఉన్నా కనిపించింది.

మామగారు మెల్లగా లేచి నిలబడి, కాళ్లు ఎక్కడున్నాయో అక్కడే ఉంచమన్నారు. వంగొద్దన్నారు, ఈగలు ఏరొద్దన్నారు, కర్ర నేలకి ఆనించొద్దన్నారు. వచ్చిన అడుగులు కనబడుతున్నాయా అని అడిగారు. వాహిద్ మెడ మాత్రం తిప్పి చూసి, గడ్డి మళ్లీ లేచి నిలబడిందనీ, ఏం తెలియడం లేదనీ చెప్పాడు.

నేను అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. అవతల ఒకామె మనిషి నిలబడి ఉన్నాడా, దెబ్బ తగిలిందా అని అడిగి, కదలొద్దని చెప్పమంది. మందుపాతరలు తీసే జట్టు పక్క జిల్లా నుంచి కొండదారిలో రావాలంది. ఎంతసేపు పడుతుందని అడిగితే, వస్తున్నారమ్మా అంది.

ఆ తర్వాత మేం ఎదురుచూశాం. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. మా ఆయన నా కళ్లెదురుగా ఉన్నాడు, రాయి విసిరితే తగిలేంత దగ్గర. అయినా చంద్రుడి మీద ఉన్నట్టే ఉంది. అతని కుడికాలు కొంచెం ముందుకి, ఎడమ మడమ కొంచెం పైకి లేచి ఉంది. ఆ మడమ దించొచ్చా లేదా అనే మాట మా ముగ్గురిలో ఎవ్వరం అనలేదు. నేను ఆ మడమనే చూస్తూ కూచున్నాను. పొద్దున నన్ను నవ్వించినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి భయపెట్టాయి. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు. గ్లాసులో రెండు బ్రష్షులు. రాత్రికి గ్లాసులో ఏముంటుంది?

"ఇల్మా," అని పిలిచాడు. "కాఫీ చల్లారిపోతోందా?"

"చల్లారనీ. నువ్వు కదలకు."

"కదలట్లేదు. బళ్లో కూడా ఇంత బుద్ధిగా నిలబడలేదు నేను."

"మాట్లాడితే మాట్లాడుకో, చేతులు ఊపకు," అన్నారు మామగారు.

అప్పుడు గాలి లేచింది. కొమ్మ ఊగింది. ఈగ నుంచి కర్ర దాకా ఉన్న దారం బిగుసుకుని, చంకలో కర్ర ముందుకి జరిగింది. కర్ర జారితే అతను పట్టుకోవడానికి వంగుతాడు. కొమ్మ విరిగితే ఎక్కడ పడుతుందో తెలీదు. ఈ రెండూ నాకు ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. మామగారు దారం తెంపమన్నారు. వాహిద్ చొక్కా జేబు తడుముకుని, దారం తెంపడానికి తెచ్చుకునే నెయిల్ కట్టర్ ఇంట్లో మర్చిపోయానన్నాడు. దారాన్ని చేతికి అందేలా మెల్లగా లాక్కుని, నోటిదాకా తెచ్చుకుని, ఆగిపోయాడు. కొమ్మ చివర ఊగుతున్న గులాబీ చుక్కవైపు చూశాడు.

"నాన్నా, ఇది ఇల్మా కట్టింది."

"తెలుసురా. కొరికెయ్."

కొరికాడు. దారం ఎగిరి కొమ్మ దగ్గరికి పోయింది. మామగారు రాయి మీద కూలబడ్డారు.

ఎండ కొండ భుజం మీదికి ఒరిగాక జీపు వచ్చింది. జట్టు నాయకుడి పేరు తిహోమిర్. బొద్దుగా, చెంపల మీద నెరిసిన గడ్డంతో, పెళ్లిభోజనానికి వచ్చిన బంధువులా ఉన్నాడు. మందపాటి కవచం తొడుక్కుంటూ మామగారిని జరిగింది అడిగి తెలుసుకున్నాడు.

"సరే పెద్దాయనా. నేను చెప్పేదాకా మీ వాడు మనిషి కాదు, బొమ్మ. బొమ్మకి దాహమెయ్యదు, కాలు తిమ్మిరెక్కదు. అరిచి చెప్పండి."

మామగారు చెప్పారు. బొమ్మకి దాహంగానే ఉందని అవతలి నుంచి జవాబొచ్చింది. తిహోమిర్ నవ్వలేదు, కానీ మాట్లాడగలిగితే మంచిదే అన్నాడు. తర్వాత మాకొకటి చెప్పాడు. వెలుతురు పోతే పని ఆపేస్తారు. చీకట్లో గడ్డి తాకకూడదు. పని ఆగితే వాహిద్ తెల్లారేదాకా అలాగే నిలబడాలి. వాహిద్ తొడలు అప్పటికే వణుకుతున్నాయని ఇవతలి నుంచి కూడా తెలుస్తోంది.

తిహోమిర్, అతని తోటి మనిషి వాహిద్ వెళ్లిన దారినే నది దాటారు. నీటి అంచు నుంచి మెటల్ డిటెక్టర్‌ని గడ్డి మీద ఇటూ అటూ తిప్పుతూ, మనిషి పట్టేంత వెడల్పున దారి చేసుకుంటూ, రెండు పక్కలా తెల్లటి టేపు పరుస్తూ కదిలారు. అడుగు కూడా వెళ్లలేదు, డిటెక్టర్ కుయ్‌మంది.

ఆ చప్పుడు నాకు వీపు మీద కొట్టినట్టు తగిలింది. తిహోమిర్ బోర్లా పడుకుని, పొడుగాటి ఊచతో పక్కనుంచి నేలని ఏటవాలుగా గుచ్చి చూసి, వేళ్లతో గడ్డి పాయలు విడదీసి, ఏదో తీసి పైకెత్తాడు. పసుపుపచ్చగా మెరిసింది. నేను మెరుపుపొడి చల్లిన పెంకుపురుగు.

"ఇదేంటమ్మా?" అని అరిచాడు.

ఈగలనీ, పెట్టె ఒలికిందనీ, ప్రతిదానికీ ఉక్కు గాలం ఉందనీ చెప్పాను. ఎన్ని ఉన్నాయన్నాడు. తెలియదన్నాను. పెట్టె నిండా అన్నాను. అతను ఇంకొంచెం ముందుకి డిటెక్టర్ చాచాడు. అది ఒకచోట, దాని పక్కనే ఇంకోచోట, మళ్లీ ఇంకోచోట కుయ్‌మంది. నేల నిండా కూస్తోంది. ప్రతి కూతా మందుపాతరే అనుకుని గుచ్చి చూడాలి. నేను వేడుకగా కట్టిన ప్రతి ఈగా మా ఆయన్ని చీకట్లోకి నెడుతోంది.

తిహోమిర్ తల పక్కకి వంచి గడ్డిని చాలాసేపు చూశాడు.

"ఈ రంగులవన్నీ మీవేనా?"

అవునన్నాను. పసుపు, నారింజ, చిలకపచ్చ, ఏది కనిపించినా నాదేనన్నాను. ఫోమ్ తేలిక కాబట్టి అవి నేల దాకా దిగకుండా గడ్డి కొనలకే చిక్కుకున్నాయట. కనిపించినదాన్ని కనిపించినట్టు పొడుగాటి పటకారుతో తీసేసి, అక్కడ మళ్లీ డిటెక్టర్ తిప్పి, నిశ్శబ్దంగా ఉంటే ముందుకి జరుగుతున్నాడు. ఒక్కొక్కటే ఏరుతుంటే చైనా కొట్టు సరుకంతా అతని తోటి మనిషి టోపీలో చేరింది. పని వేగం అందుకుంది.

తర్వాత ఆగిపోయింది. డిటెక్టర్ కూసింది, గడ్డిలో రంగేమీ లేదు. తిహోమిర్ పడుకున్నాడు. ఎండ కొండ వెనక్కి దిగుతుంటే అతను ఊచతో గుచ్చుతూ, మట్టి గోకుతూ, చివరికి తీసింది గోధుమరంగు కుందేలు ఈగ. ఎండుగడ్డిలో ఎండుగడ్డిలాగే ఉంది. అలా కనిపించడానికే కట్టింది మరి. కొంచెం ముందు ఇంకోటి. ఇంకొంచెం ముందు మరోటి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో ఆకాశం వైపు చూస్తే తెలుస్తోంది.

మామగారు నావైపు తిరగకుండానే అన్నారు. "నావి ఆ పెట్టెలో పెట్టకుండా ఉండాల్సింది, తల్లీ."

నేనాయన చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.

తిహోమిర్ చాచిన చెయ్యికీ వాహిద్ బూటుకీ మధ్య జానెడు కంటే కొంచెం ఎక్కువ ఉందనగా డిటెక్టర్ మళ్లీ కూసింది. రంగు లేదు. వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. వాహిద్ కాళ్లు ఇప్పుడు బాహాటంగా వణుకుతున్నాయి.

"అది మా నాన్న ఈగేనండీ," అన్నాడు. "అక్కడ పడడం చూశాను. వదిలేసి రండి, నేనిక నిలబడలేను."

"చూశావేమో. నిలబడు."

"నిజంగా చూశాను."

"నేను చూడలేదు కదా," అన్నాడు తిహోమిర్, కాఫీలో చక్కెర వద్దన్నంత మామూలుగా.

పడుకున్నాడు. ఊచ మెల్లగా, పక్కనుంచి. నది తప్ప ఇంకేమీ వినిపించలేదు. మామగారి పెదవులు కదులుతున్నాయి. నేను దేవుడితో ఏం మాట్లాడానో గుర్తులేదు, బేరమే ఆడి ఉంటాను. తిహోమిర్ చేతివేళ్లతో మట్టిని రొట్టెముక్కలు ఊడ్చినట్టు ఊడ్చాడు. ఆగాడు. ఇంకొంచెం ఊడ్చాడు. చాలాసేపు కదల్లేదు. తర్వాత పక్కకి చెయ్యి చాస్తే, తోటి మనిషి అతని చేతిలో చిన్న ఎర్రజెండా పెట్టాడు.

"ఇది ఈగ కాదు," అన్నాడు తిహోమిర్.

వాహిద్ ఎడమ మడమ, పైకి లేచి ఉన్న ఆ మడమ, వెనక్కి ఒక్క బెత్తెడు దిగి ఉంటే దాని మీదే ఉండేది. దించొచ్చా అని మేం ఎవ్వరం అడగని మడమ అది.

ఆ తర్వాత వాళ్లు దారిని పక్కకి మళ్లించాల్సి వచ్చింది. మళ్లీ గడ్డి, మళ్లీ డిటెక్టర్. అక్కడ నా చిలకపచ్చ పురుగొకటి దొరికిందని తర్వాత తెలిసింది. అప్పుడు నేను చూడడం లేదు, మొహం మామగారి కోటులో దాచుకున్నాను. వాహిద్ పేరు పెట్టి తిహోమిర్ మెల్లగా మాట్లాడడం మాత్రం వినిపించింది. ఇప్పుడు కుడికాలు. ఇక్కడ, నా చెయ్యి ఉన్న చోట. ఇప్పుడు ఎడమకాలు. తొందరేం లేదు, కొత్త పెళ్లికొడుకువి, నడక నేర్చుకో.

వాహిద్ నీళ్లలో కాలు పెట్టిన చప్పుడు విని తలెత్తాను. అతని కాళ్లు మడతపడిపోయాయి. తిహోమిర్ చంకల కింద పట్టుకుని నిలబెట్టాడు. నేను ఎప్పుడు నదిలోకి దిగానో నాకు తెలీదు. నడుము లోతు నీళ్లలో, బూట్లతో, అతని రొమ్ముకి మొహం ఆనించి ఉన్నాను. మామగారు వెనక నుంచి నా కోటు అంచు పట్టుకుని ఉన్నారు, నేను కూడా అటు వెళ్లిపోతాననుకున్నారో ఏమో. స్టుడెన్కా నీళ్లు ఎముకల్ని కొరుకుతాయి. ఆ రోజు నాకు చలే తెలియలేదు.

గట్టు మీద వాహిద్ చల్లారిన కాఫీ అంతా తాగాడు. పైన పచ్చరంగు నూగు తేలుతోంది, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో. దాన్ని తియ్యకుండానే మింగేశాడు. తిహోమిర్ ఆ టోపీలోని ఈగలన్నీ నా ఒళ్లో ఒంపాడు. తన కూతురికి ఆ మెరుపు పురుగొకటి తీసుకోవచ్చా అని అడిగాడు. గాలం కత్తిరించి ఇవ్వమన్నాడు. రెండిచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లు ఆ మందుపాతరని అక్కడే పేల్చేశారు. ముందే కబురు చెప్పారు. అయినా చప్పుడు వచ్చినప్పుడు వంటింటి కిటికీ అద్దం గలగలమంది, గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి తగిలాయి. నేను వాహిద్ చొక్కా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మామగారు వైస్ ముందు కూచుని, కుందేలు బొచ్చు వేళ్ల మధ్య నలుపుతూ, గోడవైపు చూస్తున్నారు. కొంతసేపటికి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, ఆ కేకు సరుకు ఇటియ్యి."

ఏ రంగు కావాలని అడిగాను. కంటికి కనిపించేది ఏదైనా సరేనన్నారు. ఇప్పుడాయన గోధుమరంగు ఈగలన్నిటికీ వీపు మీద గింజంత గులాబీ ఫోమ్ ఉంటుంది. ఊళ్లో వాళ్లు నవ్వితే, చేపకి ఈగ వీపు కనిపించదులే, కింద నుంచి చూస్తుంది కదా అని సమాధానం చెబుతారు.

పెళ్లికూతురు ఇంకా ఆ కొమ్మకే ఉంది. వంతెన మీద నుంచి కనిపిస్తుందంటారు. నేను ఆ వంతెన దాటేటప్పుడు అటువైపు చూడను.

చైనా కొట్టులోనే ఒక నెయిల్ కట్టర్ కొని, దానికి పిల్లల బడిలో వాడే ఎర్ర రిబ్బను కట్టాను. వాహిద్ నదికి బయల్దేరేటప్పుడు అది మెడలో వేస్తాను. తర్వాత గుమ్మం దగ్గర దారం ముక్క రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. అతను ఆ కట్టర్‌తో దాన్ని తెంపి చూపించాకే పక్కకి జరుగుతాను.